స్తంభం వెనక కుర్చీకి 45 పౌండ్లు

టికెట్ మీద "ఇంటిమేట్ ఈవెనింగ్" అని ఉంటుంది. 70 దాటిన గాయకుడు, పాటలు ఆయనవే, పియానో మీద వేళ్ళూ ఆయనవే, పక్కన బాస్ అనే మంద్రస్వరాల తీగవాద్యం ఒకటి, అంతే. గదిలో జనం 120కి మించరు. లండన్ సోహో పేటలో ఇలాంటి సాయంత్రం కోసం దేశాలు దాటి వస్తారు. రావాల్సిందే కూడా. కానీ అదే గదిలో, అదే 45 పౌండ్లకు, స్తంభం వెనక ఒక టేబుల్ అమ్ముతారు. అక్కడ కూర్చుంటే పాడేవాడి మోచెయ్యి కనిపిస్తుంది, అదీ ఆయన వెనక్కి వాలినప్పుడు. మన వీపు వెనకే బార్. పాట మంద్రంలోకి దిగి, ఆయన చివరి మాటను పెదవుల మధ్యే వదిలేసే చోట కాఫీ మెషిన్ బుస్సుమంటుంది. బుక్ చేసేటప్పుడు స్తంభం ఊసే ఎత్తరు. "రెస్ట్రిక్టెడ్ వ్యూ", అంటే పూర్తిగా కనిపించదు, అన్న రెండు ముక్కలు రాసి పది పౌండ్లు తగ్గిస్తే అది న్యాయం. రాయకుండా పూర్తి ధర తీసుకోవడం మోసం. ఆ క్లబ్ పేరు ఇక్కడ అక్కర్లేదు, ఎందుకంటే ఆ పని చేసేది అదొక్కటే కాదు.

అందుకే ఇలాంటి కచేరీల కోసం లండన్ వెళ్ళేవాళ్ళకు రాస్తున్న ఇందులో విమానం, హోటల్ గురించి తక్కువ, కుర్చీ గురించి ఎక్కువ ఉంటుంది.

ముందు పియానో ఎలా పెడతారో తెలియాలి. గ్రాండ్ పియానోను దాదాపు ఎప్పుడూ ఒకే తీరున పెడతారు. వాయించేవాడు జనానికి ఎడమ చేతివైపు కూర్చుని కుడివైపుకు చూస్తుంటాడు, ఆయన కుడి భుజం మనవైపు ఉంటుంది. పెద్ద మూతకు బందులు మంద్రపు తీగల వైపు, అంటే వేదిక లోపలివైపు ఉంటాయి. మూత లేపితే నోరు మనవైపు తెరుచుకుంటుంది. దీన్నిబట్టి మిగతాదంతా తేలిపోతుంది. గదిలో ఎడమవైపు కూర్చున్నవాళ్ళకు వేళ్ళు కనిపిస్తాయి. కుడివైపు వాళ్ళకు ముఖం కనిపిస్తుంది, వేళ్ళు కనిపించవు. శబ్దం దీనికి తలకిందులు. మూత నుంచి తారస్థాయి స్వరాలు మధ్యకీ కుడికీ విసిరినట్టు వస్తాయి, ఎడమ కొసన, వాయించేవాడి వీపు వెనక, అవి మొద్దుబారి వినిపిస్తాయి. వేళ్ళు చూడాలనుకునేవాడు కొంత మెరుపు వదులుకోవాలి, మెరుపు కావాలనుకునేవాడు వేళ్ళు వదులుకోవాలి.

తన పాట తనే రాసుకునే మనిషి విషయంలో ఎడమవైపే మంచిదని గట్టిగా చెబుతాను. ఆయన ఎడమ చేతిలోనే పాట నడక ఉంటుంది. ఎక్కడ స్వరం వదిలేస్తున్నాడు, ఎక్కడ పదం కోసం తాళాన్ని అర క్షణం ఆపుతున్నాడు అన్నది చెవికంటే ముందు కంటికి తెలుస్తుంది. పద్యనాటకాల్లో హార్మోనియం పక్కన కూర్చుని విన్నవాళ్ళకు ఇది వివరించక్కర్లేదు. అయితే ఎడమ కొస వద్దు. నడిమికి కాస్త ఎడమగా, వేదికకు 4 నుంచి 6 మీటర్ల దూరంలో, అంటే మూడో వరస లేదా నాలుగో వరస టేబుల్ తీసుకోవాలి.

మొదటి వరస అందరూ కొట్టుకునే వరస. చిన్న గదిలో అది పెద్ద పొరపాటు. పియానో శబ్దం నేరుగా పెట్టెలోంచి వస్తుంది, గొంతు మాత్రం వేదికకు రెండు పక్కలా ఉన్న స్పీకర్లలోంచి వస్తుంది. మొదటి వరస నడిమిన కూర్చుంటే ఆ స్పీకర్లు మన తల దాటి వెనక్కి కొడతాయి. దాంతో పియానో హోరు, దాని కింద ఎక్కడో గొంతు. పైగా వేదిక ఎత్తు 60 సెంటీమీటర్లు దాటితే మొదటి వరసవాళ్ళ కళ్ళ ఎదుట ఉండేది పియానో అడుగుభాగం, మూడు పెడల్స్, ఆయన బూట్లు. వయసు మళ్ళిన గొంతు దగ్గర మాటలే సగం సంపద. ఆ మాటలు వినిపించని కుర్చీకి ఎంత పెట్టినా దండగే.

మైకు స్టాండు ఇంకో చిక్కు. కూర్చుని పాడేవాడికి మైకు ఒక పొడుగాటి కొమ్మ మీద అడ్డంగా వస్తుంది. అది ఏ పక్కనుంచి వంగితే ఆ పక్కవాళ్ళకు నోరు కనపడదు. ఇది ముందు తెలియదు, అదృష్టం మీద ఆధారపడాలి. అదే గదిలో జరిగిన పాత కచేరీల ఫోటోలు నాలుగైదు వెతికి చూస్తే మాత్రం పియానో ఏ వైపు ఉంటుందో, స్తంభాలు ఎక్కడున్నాయో, బార్ ఎటుందో తెలిసిపోతుంది. పది నిమిషాల పని, టికెట్ కొనేముందు చేయాల్సింది.

దాంతోపాటు ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడగాలి: "పాట నడుస్తుండగా ఆర్డర్లు తీసుకుంటారా?" తీసుకోం అంటే అది వినడానికి కట్టిన గది. తీసుకుంటాం అంటే అది పాట కూడా ఉన్న రెస్టారెంట్. ఈ ఒక్క జవాబుతో గది స్వభావమంతా అర్థమవుతుంది. మొదటి రకంలో ఐస్ కొట్టే చప్పుడు, కార్డు మెషిన్ కూత, వంటగది తలుపు, "ఎవరిది పాస్తా?" అనే కేక, ఇవేవీ ఉండవు. బిల్లు కూడా ఆఖరి పాట అయ్యాకే వస్తుంది.

బ్లాసమ్ డియరీ అనే గాయని ఉండేది. 1924లో పుట్టి 2009లో పోయింది. చిన్నపిల్ల గొంతులాంటి సన్నని గొంతు, తనే పియానో, కొన్ని పాటలకు బాణీలు తనవే. 1966, 1967ల్లో ఆమె రెండు లైవ్ రికార్డులు సోహోలోని రానీ స్కాట్స్ క్లబ్‌లోనే తీశారు. జనం మాట్లాడితే, పొగ తాగితే ఆమె ఊరుకునేది కాదని పేరు. ఆ రికార్డులు వింటే ఎందుకో తెలుస్తుంది. పక్క టేబుల్ గుసగుస చాలు ఆ గొంతు మునిగిపోవడానికి. ఇంగ్లండ్‌లో నాలుగు గోడల మధ్య జనం చేరే చోట్ల పొగతాగడం 2007 జూలై 1 నుంచి నిషేధం కాబట్టి ఆ బాధ ఇప్పుడు లేదు. మాటల బాధ ఉంది.

ఇక ఏ గది అన్న సంగతి. రానీ స్కాట్స్‌ను ఇద్దరు శాక్సఫోన్ వాద్యకారులు, రానీ స్కాట్, పీట్ కింగ్, 1959 అక్టోబర్ 30న జెరార్డ్ స్ట్రీట్‌లో మొదలుపెట్టారు. 1965లో ఇప్పుడున్న 47 ఫ్రిత్ స్ట్రీట్‌కు మార్చారు. ఎర్ర దీపాలు, వేదిక చుట్టూ మెట్లు మెట్లుగా టేబుళ్ళు. వెనక వరసలు ఎత్తులో ఉండడం వల్ల అక్కడినుంచీ కనిపిస్తుంది, ఈ ఏర్పాటు చాలా క్లబ్బుల్లో ఉండదు. సభ్యులకు టికెట్లు ముందు అమ్ముతారు కాబట్టి పెద్ద పేరున్నవాళ్ళ కచేరీలకు మామూలు జనానికి మిగిలేవి పక్క కుర్చీలే. ఎదురుగా బార్ ఇటాలియా, 1949 నుంచి ఉన్న కాఫీ దుకాణం. అదే భవనం పై అంతస్తులో 1926 జనవరిలో జాన్ లోగీ బెయిర్డ్ టెలివిజన్ చేసి చూపించాడు. కచేరీ ముందు నిలబడి ఒక కాఫీ తాగడానికి అంతకంటే మంచి చోటు ఆ వీధిలో లేదు.

10 డీన్ స్ట్రీట్‌లో పిజ్జా ఎక్స్‌ప్రెస్ నేలమాళిగలో ఉన్న జాజ్ క్లబ్‌ను పేరు చూసి కొట్టిపారేయకండి. పైన పిజ్జాలు, మెట్లు దిగితే అసలు సిసలు వినే గది. మోస్ ఆలిసన్, మిసిసిపీలో 1927లో పుట్టిన గాయకుడు, రచయిత, పియానిస్టు, ఏళ్ళ తరబడి ఇక్కడికి వచ్చి వాయించాడు. 2000 జనవరిలో, 72 ఏళ్ళ వయసులో, ఆయన లైవ్ రికార్డులు ఇక్కడే తీశారు. ఆయన పద్ధతి ఒకటి గమనించాలి. సొంత బృందాన్ని వెంట తిప్పుకోకుండా, ఏ ఊరికి వెళితే ఆ ఊరి బాస్, డ్రమ్స్ వాళ్ళతో వాయించేవాడు. ఈ కోవకు చెందినవాళ్ళ కచేరీలో మొదటి రాత్రి బృందం ఒకర్నొకరు వెతుక్కుంటూ ఉంటుంది, మూడో రాత్రికి ముగ్గురూ ఒకే ఊపిరి తీస్తారు. వరసగా నాలుగు రాత్రులు ఉంటే మూడోది కొనండి. మొదటిది కొనకండి.

మైకు లేకుండా పియానో, గొంతు ఎలా ఉంటాయో ఒక్కసారైనా వినాలంటే విగ్‌మోర్ హాల్. బెక్‌స్టైన్ అనే జర్మన్ పియానో కంపెనీ తన షోరూమ్ పక్కనే 1901లో కట్టించుకున్న హాలు ఇది. మొదటి ప్రపంచయుద్ధంలో శత్రుదేశపు ఆస్తి కింద స్వాధీనం చేసుకుని వేలం వేశారు, 1917లో పేరు మార్చి మళ్ళీ తెరిచారు. 552 కుర్చీలు. శాస్త్రీయ సంగీతమే ఎక్కువ కాబట్టి మన గాయకుడు ఇక్కడ దొరకడం అరుదు. అయినా సోమవారం మధ్యాహ్నం 1 గంట కచేరీకి వెళ్ళి వస్తే సాయంత్రం క్లబ్‌లో సౌండ్ మనిషి మంచి పని చేస్తున్నాడో లేదో చెవి పట్టేస్తుంది. అదే వీధిలో 2024 చివర బెక్‌స్టైన్ పేరుతోనే దాదాపు 100 కుర్చీల కొత్త హాలు తెరిచారు. వంద సంవత్సరాల పైచిలుకు తర్వాత ఆ పేరు ఆ వీధికి తిరిగి రావడం పియానో ఇష్టపడేవాళ్ళకు పండగే.

యూనియన్ చాపెల్ ఇజ్లింగ్టన్‌లో ఉంది, ఇప్పటికీ ప్రార్థనలు జరిగే చర్చి, 900 మంది పడతారు. అందమైన చోటు. కానీ కూర్చునేది చెక్క బెంచీల మీద, చాలా కచేరీలకు సీటు నంబరు ఉండదు, ముందు వచ్చినవాడిదే ముందు బెంచీ. తలుపులు తెరవడానికి గంట ముందు లైన్లో ఉండాలి, ఒక దిండు తెచ్చుకోవాలి. చర్చి గోడలు శబ్దాన్ని సాగదీస్తాయి. నెమ్మది పాటకు అది వరం, గబగబా మాటలు పడే పాటకు శాపం. మాటలే ప్రాణమైన గాయకుడికి నేలమాళిగే మేలు.

బిల్లు సంగతికి వద్దాం. స్తంభం క్లబ్‌లో ఇద్దరికి అయిన లెక్క ఇది: టికెట్లు 90 పౌండ్లు, బుకింగ్ ఫీజు మనిషికి 2.50 చొప్పున 5, తిండి, తాగుడు 64, దాని మీద 12.5 శాతం సర్వీస్ చార్జి 8, చలికోట్లు దాచి ఉంచినందుకు 4. మొత్తం 171 పౌండ్లు. అందులో పాటకు వెళ్ళింది సగానికి కాస్త ఎక్కువ. ఈ లెక్కలో తగ్గించుకోగలిగేవి ఉన్నాయి. మెనూ ధరల్లో 20 శాతం వ్యాట్ కలిసే ఉండాలి, దాన్ని విడిగా కలిపితే ఒప్పుకోకండి. సర్వీస్ చార్జి దగ్గర "డిస్క్రిషనరీ" (ఇవ్వడం మన ఇష్టం) అని ఉంటే తీసేయమని అడిగే హక్కు ఉంది. అయితే 2024 అక్టోబర్ 1 నుంచి ఆ డబ్బు యజమాని ఉంచుకోకుండా పనివాళ్ళకే ఇవ్వాలని చట్టం. కాబట్టి మర్యాదగా చూసుకున్నవాళ్ళ దగ్గర దాన్ని తీయించకండి. స్తంభం వెనక కూర్చోబెట్టి, వేరే చోటు అడిగితే "అన్నీ ఒకటే" అని ముఖం తిప్పుకున్న మేనేజరున్న చోట తీయించండి.

నీళ్ళ దగ్గర మోసపోయేవాళ్ళు ఎక్కువ. "వాటర్" అంటే సీసా తెస్తారు, బిల్లు వేస్తారు. "ట్యాప్ వాటర్" అనాలి. మద్యం అమ్మే లైసెన్సున్న చోట అడిగిన కస్టమర్‌కు కుళాయి నీళ్ళు ఉచితంగా ఇవ్వాలన్నది అక్కడి నిబంధన. వైన్ తాగేవాళ్ళు గ్లాసు కొలత చెప్పాలి. 125 మిల్లీలీటర్లూ ఉంటుంది, 175 కూడా ఉంటుంది, చెప్పకపోతే పెద్దదే వస్తుంది. తిండి క్లబ్‌లో తినకపోవడం మేలు. యూస్టన్ పక్క డ్రమండ్ స్ట్రీట్‌లో దోసె, భేల్‌పూరీ దొరుకుతాయి, తిని అరగంట నడిస్తే సోహో. కనీస ఖర్చు నిబంధన ఉన్న క్లబ్ అయితే దాన్ని ముందే కనుక్కుని ఆ మేరకే ఆర్డరివ్వాలి.

స్తంభం వెనక కుర్చీ తగిలిందే అనుకోండి, ఏం చేయాలి? కూర్చున్న నిమిషంలోనే చెప్పాలి, పాట మొదలయ్యాక కాదు. "ఎవరైనా రాకపోతే ఆ టేబుల్ ఇవ్వండి" అని అడిగి పెట్టుకోవాలి. 120 మంది గదిలో ఇద్దరు ముగ్గురు రాకుండా ఉండని రోజు తక్కువ. దీపాలు ఆరాక ఐదు నిమిషాలకు ఆ కుర్చీలు ఖాళీగా కనిపిస్తే చెయ్యెత్తి సైగ చేయాలి. అయినా కదపకపోతే కుర్చీలో కూర్చునే, పాట మొదలవకముందే, ఎదుట కనిపించేదాన్ని ఫోటో తీసి అదే రాత్రి మెయిల్ పెట్టాలి. మర్నాడు పెడితే "అప్పుడే చెప్పాల్సింది" అంటారు. చేతులు మారిన టికెట్లు కొనేవాళ్ళకు ఇంకో మాట: 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం తిరిగి అమ్మేవాళ్ళు అసలు ధర, కుర్చీ ఎక్కడుందో, దానికి పరిమితులేవైనా ఉంటే అవీ చెప్పి తీరాలి. చెప్పని చోట కొనకండి. అంతకంటే సులువైన దారి ఒకటుంది. కచేరీ రోజు మధ్యాహ్నం క్లబ్‌కు ఫోన్ చేస్తే వెనక్కి వచ్చిన టికెట్లు అసలు ధరకే దొరుకుతాయి. ఒంటరిగా వెళ్ళేవాడికి అయితే మరీ సులువు, ఇద్దరి మధ్య ఒక్క కుర్చీ మిగిలిపోవడం ఎప్పుడూ ఉండేదే. సోహోలో అపరిచితులతో టేబుల్ పంచుకోవడం మామూలు విషయం, మొహమాటపడక్కర్లేదు.

చాలా క్లబ్బుల్లో ఒకే సాయంత్రం రెండు ఆటలుంటాయి, మొదటిది 7 ప్రాంతంలో, రెండోది 9.30 ప్రాంతంలో. ఏది కొనాలన్నది పియానోనూ గొంతునూ బట్టి తేల్చుకోవాలి. పియానోలో దాదాపు 230 తీగలుంటాయి, వాటి మొత్తం బిగువు ఇంచుమించు 18 టన్నులు. శ్రుతి చేసేవాడు పగలు గంట, గంటన్నర కూర్చుని చేస్తాడు, సౌండ్‌చెక్ అయ్యాక, తలుపులు తీసేలోపు మళ్ళీ ఒకసారి సరిచూస్తాడు. మొదటి ఆటకు పియానో అప్పుడే స్నానం చేసి వచ్చినట్టుంటుంది. రెండో ఆట నాటికి 120 మంది ఊపిరి తేమ, దీపాల వేడి, గంటన్నర బాదుడు కలిసి తారస్థాయిలో ఒకే స్వరానికి కట్టిన తీగల మధ్య చిన్న తేడా తెస్తాయి. చెవి ఉన్నవాళ్ళకు పై స్వరాల్లో సన్నని వణుకు వినిపిస్తుంది. చెక్క పలక తేమ పీల్చి ఉబ్బితే శ్రుతి పైకి పోతుంది, చలికాలం హీటర్లకు ఎండితే కిందికి దిగుతుంది. 40 నుంచి 50 శాతం తేమ దగ్గర పియానో హాయిగా ఉంటుంది, నేలమాళిగలో దాన్ని నిలబెట్టడం కష్టం. రెండు ఆటల మధ్య శ్రుతి మనిషి మళ్ళీ వేదికెక్కితే ఆ క్లబ్ సంగీతాన్ని గౌరవిస్తోందని అర్థం. ఆ ఖర్చు భరించే గదులకు 5 పౌండ్లు ఎక్కువిచ్చినా తప్పు లేదు.

గొంతుది దీనికి ఎదురు. 70 దాటిన గొంతు మొదటి అరగంట బిగుసుకుని ఉంటుంది. చాలామంది పాత పాటల్ని ఒక స్వరమో, ఒకటిన్నరో కిందికి దించి పాడతారు. యవ్వనంలో అరిచి పాడిన చోట ఇప్పుడు మాట్లాడినట్టు వదిలేస్తారు. రికార్డుతో పోల్చుకుని నిట్టూర్చేవాళ్ళు ఈ కచేరీలకు రాకపోవడమే మంచిది. దించిన శ్రుతిలో ఎడమ చేతి స్వరాలు ఇంకా లోతుకు పోతాయి, అదే పాట ముదురు రంగు దిద్దుకుంటుంది, నా మటుకు అదే మేలిమి. రెండో ఆటలో గొంతు తెరుచుకుంటుంది, వెనక ఇంకో ఆట లేదు కాబట్టి ఆయనకు తొందర ఉండదు, పాట పాటకు మధ్య కబుర్లు పెరుగుతాయి, జాబితాలో లేని పాట ఒకటి వస్తుంది. మొదటి ఆట గడియారం ప్రకారం ముగుస్తుంది. పనివాళ్ళు గ్లాసులు తీసేస్తూ మనల్ని లేవదీస్తారు, అది వాళ్ళ తప్పు కాదు, అరగంటలో ఇంకో 120 మంది రావాలి.

నా ఓటు రెండో ఆటకే, కానీ దిగిన రోజు కాదు. చలికాలంలో లండన్ రాత్రి 9.30 అంటే మన దేశంలో తెల్లవారుజామున 3 గంటలు. మొదటి మూడు రాత్రులు ఎంతటి అభిమానికైనా నాలుగో పాటకు తల వాలిపోతుంది. తోడు వచ్చినవాళ్ళకు పాట మీద అంత మక్కువ లేకపోతే ఆ నిద్ర కోపంగా మారుతుంది, ఆ కోపం బిల్లు వచ్చేసరికి మాటగా మారుతుంది. ఇంగ్లిష్ పాటల్లో మాటలు అందనివాళ్ళను తీసుకెళుతుంటే ముందు వారం రోజులు ఆయన పాటలు ఐదారు ఇంట్లో వినిపించండి. తెలిసిన బాణీ గదిలో మోగితే ముఖం వెలుగుతుంది. తెలియని పాటలు పద్దెనిమిది వరసగా అంటే ఎవరికైనా శిక్షే. వాళ్ళను కుడివైపు, ముఖం కనిపించే కుర్చీలో కూర్చోబెట్టండి. మాట అర్థం కాకపోయినా ముఖం చూస్తే పాట అందుతుంది.

బస విషయంలో సోహోలోనే ఉండాలన్న ఆశ వదులుకోవాలి. తెల్లవారుజామున 3 దాకా వీధిలో కేకలు, 5 నుంచి చెత్త లారీలు. ప్యాడింగ్టన్ మేలు, అక్కడ రైలెక్కితే ఎలిజబెత్ లైన్‌లో టోటెన్‌హామ్ కోర్ట్ రోడ్ రెండో స్టేషన్, అదే సోహో అంచు. బ్లూమ్స్‌బరీ కూడా మేలు, సోహో నుంచి 20 నిమిషాల నడక. అక్కడి పాత ఇళ్ళను మార్చి పెట్టిన హోటళ్ళలో రెండే ప్రశ్నలు: లిఫ్ట్ ఉందా, గది "లోయర్ గ్రౌండ్"లోనా? లోయర్ గ్రౌండ్ అంటే నేలమాళిగ. రాత్రికి 118 పౌండ్లు తీసుకుని, కిటికీ తెరిస్తే ఎదురుగా ఇటుక గోడ, పైన పాదచారుల కాళ్ళు ఉండే గది ఇచ్చేవాళ్ళున్నారు. ఆఖరి రోజు పెట్టెలు మధ్యాహ్నం దాకా ఉంచినందుకు ఒక్కోదానికి 5 పౌండ్లు అడిగేవాళ్ళూ ఉన్నారు. పాటను నేలమాళిగలో వినవచ్చు, పడుకోవడానికి మాత్రం వద్దు.

రాకపోకలు హాయిగా సాగుతాయి. 2025 మార్చి రేట్ల ప్రకారం హీత్రో విమానాశ్రయం నుంచి ఎలిజబెత్ లైన్ 13.90 పౌండ్లు ఉండేది, అరగంటలో టోటెన్‌హామ్ కోర్ట్ రోడ్. పికడిల్లీ లైన్ అప్పట్లో 5.80, లెస్టర్ స్క్వేర్‌కు గంట లోపు. బస్సు అప్పట్లో 1.75, గంటలోపు ఎన్ని బస్సులు మారినా అంతే. కార్డు తాకిస్తే చాలు, కానీ మనిషికో కార్డు ఉండాలి, ఒక్క కార్డుతో ఇద్దరు పోకూడదు. టోటెన్‌హామ్ కోర్ట్ రోడ్‌లో డీన్ స్ట్రీట్ వైపు ద్వారం బయటికి వస్తే జాజ్ క్లబ్ రెండు నిమిషాలు. ఇంకో ద్వారంలో వస్తే ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ జనంలో పది నిమిషాలు పోతాయి.

పగలు ఖాళీ ఉంటే డీన్ స్ట్రీట్‌కూ వార్డర్ స్ట్రీట్‌కూ మధ్య సెయింట్ ఆన్స్ కోర్ట్ అనే సందులోకి నడవండి. అక్కడ 17వ నంబరులో ట్రైడెంట్ స్టూడియో ఉండేది. అందులోని పాత బెక్‌స్టైన్ గ్రాండ్ మీద 1968లో బీటిల్స్ రికార్డు చేశారు, 1970లో ఎల్టన్ జాన్ వచ్చాడు, ఆ తర్వాత డేవిడ్ బౌయీ పాటల్లోనూ అదే మోగింది. 1981లో స్టూడియోను అమ్మేశారు, చూడడానికి ఇప్పుడు ఒక తలుపు తప్ప పెద్దగా ఏమీ లేదు. అయినా పియానో పాటలు వినేవాడు ఆ తలుపు ముందు నిలబడకుండా వెళ్ళకూడదు. పావుగంట చాలు, టికెట్ లేదు. సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌లో 2016 ఫిబ్రవరిలో ఎల్టన్ జాన్ స్వయంగా వాయించి, సంతకం చేసి వదిలి వెళ్ళిన యామహా పియానో గురించి వినే ఉంటారు. దారిన పోయేవాళ్ళు వాయించుకోవడానికని ఇచ్చింది అది.

స్తంభం క్లబ్‌కు వెళ్ళిన వారంలోనే చూసిన ఇంకో గదికి టికెట్ 32 పౌండ్లే. కనీస ఖర్చు నిబంధన లేదు, పాట నడుస్తుండగా ఆర్డర్లు లేవు, టేబుల్ మీద "పాటలప్పుడు మాట్లాడకండి" అని చిన్న కార్డు. కుర్చీ మూడో వరస, నడిమికి కొంచెం ఎడమ. ట్యాప్ వాటర్ అడగకముందే జగ్గుతో పెట్టారు. ఇద్దరికీ అంతా కలిపి 91 పౌండ్లు. స్తంభం క్లబ్ బిల్లులో దాదాపు సగం. ఆ గది గోడల రంగు వెలిసిపోయింది, బాత్రూమ్‌కు వెళ్ళాలంటే ఇరుకు మెట్లెక్కాలి. అవేవీ లెక్కలోకి రావు.

ఇలాంటి గదిలో చివరి పాటకు ఒక్కోసారి ఆ పెద్దాయన మైకును చేత్తో పక్కకు జరుపుతాడు. స్పీకర్లు ఆగిపోతాయి. పియానో నుంచి వచ్చేది చెక్క చప్పుడుతో సహా వస్తుంది, పెడల్ తొక్కి వదిలే "టప్" కూడా వినిపిస్తుంది, గొంతు ఆరు మీటర్లకు మించి పోదు. అందుకే ఆ 4 నుంచి 6 మీటర్ల లెక్క. అందుకే రెండో ఆటను శుక్రవారమో శనివారమో కొనాలి. ఆ రెండు రాత్రులు సెంట్రల్, నార్తర్న్, పికడిల్లీ, విక్టోరియా, జూబిలీ లైన్లు తెల్లవార్లూ నడుస్తాయి. మిగతా రోజుల్లో ఆఖరి రైలు కోసం 11.15కే కోటు తీసుకుని మెట్లెక్కేవాళ్ళు ఆ చేయి మైకును జరపడం చూడరు.